కాలనీ పక్కనున్న చిట్టడవిని కాపాడుకోవడం ఎలా: సర్వే నంబరు నుంచి మూడో వేసవి దాకా

తొలకరి దగ్గర పడితే చాలు, ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "మా కాలనీ వెనకాల ప్రభుత్వ స్థలంలో చిట్టడవి ఉంది. చెత్త పోస్తున్నారు, ఎండాకాలం తగలబెడుతున్నారు. పదిమందిమి కలిశాం. మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?"

మొక్కల సంగతి ఈ వ్యాసంలో ఏడో మెట్టు దగ్గర వస్తుంది. హద్దు తేలని చోట, టిప్పర్లు తిరిగే చోట, ఏటా మంట లేచే చోట నాటిన మొక్క మరుసటి వేసవి చూడదు. పైగా మన దక్కన్ నేలల్లో చాలాచోట్ల అడవి చచ్చిపోలేదు. వేళ్ళ రూపంలో భూమిలోనే ఉంది. దెబ్బ మీద దెబ్బ పడటం ఆగితే చాలావరకు తనంతట తనే లేస్తుంది. అందుకే ముందు హద్దు, తర్వాత మనుషులు, ఆ తర్వాత దెబ్బలు ఆపడం. నాటడం ఆఖరి పని.

ఇక్కడ రాసింది హైదరాబాద్ శివార్లలాంటి నేలకు: రాళ్ళగుట్టలు, పలచని ఎర్రమట్టి, ముళ్ళపొదలు, మధ్యమధ్య గడ్డి. రాయలసీమలోనూ చాలావరకు పనికొస్తుంది. కోస్తాలో ఇసుక నేల పక్కనో మడ అడవి పక్కనో ఉన్నవాళ్ళు నీటి భాగాన్నీ మొక్కల భాగాన్నీ యథాతథంగా తీసుకోవద్దు.

1. ఆ భూమి ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి

"ప్రభుత్వ భూమే కదా" అనే మాట సరిపోదు. అది రిజర్వు ఫారెస్టు కావచ్చు, రెవెన్యూ వారి పోరంబోకు కావచ్చు, చెరువు శిఖం (చెరువు నీరు నిండే నేల) కావచ్చు, లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసం మున్సిపాలిటీకి రాసిచ్చిన ఖాళీ స్థలం కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో శాఖ, ఒక్కో చట్టం. తప్పు ఆఫీసు చుట్టూ తిరిగితే ఏడాది గడిచిపోతుంది.

సర్వే నంబరు తెలుసుకోండి. తెలంగాణలో పహాణీ, గ్రామ నక్షా (ఊరి పటం), టీపన్ (సర్వే కొలతల పటం) నకళ్ళు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పటం) నకలు తీయించండి. లేఅవుట్ స్థలమైతే ఆమోదించిన లేఅవుట్ ప్లాన్, మున్సిపాలిటీ పేరిట చేసిన గిఫ్ట్ డీడ్ అడగండి. నిషేధిత భూముల జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఆ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్పించమని అర్జీ పెట్టడమే మీ మొదటి పోరాటం.

కాగితం చేతికివ్వకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. జిల్లా స్థాయి ఆఫీసుకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఈ పార్కు గురించి వివరాలివ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "సర్వే నంబరు ఫలానాలో మొత్తం విస్తీర్ణం, హద్దుల స్కెచ్, చివరిసారి సర్వే జరిగిన తేదీ, సర్వేయర్ నివేదిక నకలు" అని కాగితాన్ని పేరుపెట్టి అడగండి.

లోపల చెరువో కుంటో ఉంటే ఎఫ్.టి.ఎల్. (చెరువు నిండినప్పుడు నీరు చేరే గీత) మ్యాపు కూడా తీసుకోండి. తెలంగాణలో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్.టి.ఎల్. గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కూడని పట్టీ. ఆక్రమణ మొదలయ్యేది ఎప్పుడూ ఈ పట్టీలోనే.

రికార్డులో "అడవి" అన్న మాట లేదని నిరుత్సాహపడకండి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, నిఘంటువు అర్థంలో అడవి అనదగ్గదంతా, యజమాని ఎవరైనా సరే, అటవీ సంరక్షణ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పుంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించింది. అర్జీలో ఇలాంటి తీర్పులను తేదీలతో ఉదహరిస్తే దాన్ని తేలిగ్గా పక్కన పడేయలేరు.

చేతిలో ఉండాల్సినవి:

☐ సర్వే నంబరు, విస్తీర్ణం, యాజమాన్య శాఖ పేరు
☐ హద్దుల స్కెచ్ ధ్రువీకరించిన నకలు
☐ గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు, తేదీలు కనిపించేలా ప్రింట్లు
☐ హద్దు రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎక్కడ మాయమయ్యాయో ఫొటోలు

2. చెయ్యి పెట్టేముందు నడవండి

కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి చూడకుండా పెద్ద పనులేవీ తలపెట్టొద్దు. అంత ఓపిక లేదంటే నెలకు రెండుసార్లయినా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒకే దారిలో నడిచి రాసుకోండి.

స్కెచ్ మీద ఇవి గుర్తించండి: నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయి, చెత్త బండ్లు ఎక్కడ లోపలికి దిగుతున్నాయి, కిందటేడు ఎక్కడ కాలింది, గడ్డి ఎక్కడ ఉంది, పొద ఎక్కడ దట్టం, నెమళ్ళు రాత్రి ఏ చెట్టెక్కుతున్నాయి.

తర్వాత వంగి చూడండి. బోడిగా కనబడే నేలలో మోకాలెత్తు కూడా లేని గుబురు ఉంటుంది. పక్కల మట్టి కొద్దిగా తొలగిస్తే మణికట్టంత లావు మోడు బయటపడుతుంది. అది మోదుగో, తునికో, బిల్లుడో. ఏళ్ళ తరబడి కొట్టుడు పడుతూ, మేకల నోట పడుతూ, కాలుతూ కూడా వేరు బతికే ఉంది. నర్సరీలో కొన్న మొక్క ఆ లోతుకు వేరు దించడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఇలాంటి మోళ్ళన్నిటికీ పక్కన కర్ర పాతి రంగుగుడ్డ కట్టండి. మీ అడవి అసలు పెట్టుబడి అదే.

కొన్ని చోట్ల రాళ్ళ మధ్య గోధుమరంగు గడ్డి తప్ప ఏమీ ఉండదు. దాన్ని ఖాళీ జాగా అనుకోకండి. కౌజు పిట్టలు, పూరేళ్ళు నేల మీద గూడు పెట్టుకునేది అక్కడే. అక్కడ చెట్లు నాటడమంటే వాటిని తరిమేయడమే. మ్యాపులో ఆ ముక్క మీద "నాటొద్దు" అని రాసుకోండి.

3. మనుషుల్ని కూడగట్టండి, ముందు నుంచీ ఉన్నవాళ్ళతో మొదలుపెట్టండి

కాలనీ వాట్సాప్ గ్రూపుకన్నా ముందు ఆ స్థలంతో పనిబడ్డవాళ్ళు ఉంటారు. మేకలు తోలుకొచ్చే తాత, కట్టెలు ఏరుకునే అమ్మలు, సీతాఫలాలు కోసుకునేవాళ్ళు, పొద్దున నడిచేవాళ్ళు, లోపల మైసమ్మ గుడికి బోనం తెచ్చేవాళ్ళు. వీళ్ళను వదిలేసి గేటు కట్టి తాళం వేస్తే ఆ తాళం వారం ఉండదు.

మేకల కాపరితో తగువు పెట్టుకోకండి. "తాతా, ఈ రెండు వానాకాలాలు ఈ తూర్పు ముక్క వదిలెయ్యి, పడమర వైపు మేపుకో" అని కూర్చుని మాట్లాడితే చాలామంది ఒప్పుకుంటారు. ఏ మొక్కను మేక ముట్టదో, ఏ పొదలో రక్తపింజర ఉంటుందో ఆయనకే తెలుసు. కట్టెలకొచ్చే వాళ్ళకు సర్కారు తుమ్మ చూపించండి. వాళ్ళకు పొయ్యి కింద కట్టె, మీకు కలుపు తీత. గుడి కమిటీతో రెండు మాటలు మాత్రం ముందే రాసుకోండి: ఇప్పుడున్న గద్దె దాటి కొత్త కట్టడం వద్దు, పండగ రోజు ప్లాస్టిక్ బయటికి తీసుకెళ్ళాలి.

సంఘం రిజిస్టర్ చేయడం మంచిది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు. సంఘం పేరిట రాసిన ఉత్తరానికి ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసు అందుకున్నట్టు వేసే నంబరు) వేయించుకోండి. ఆ నంబరు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ఆ తర్వాత శాఖ నుంచి రాతపూర్వక అనుమతి. రిజర్వు ఫారెస్టయితే రేంజ్ అధికారి ద్వారా డీఎఫ్‌వోకి (జిల్లా అటవీ అధికారికి). జాతీయ ఉద్యానమైతే అనుమతి లేకుండా ఆకు కోసినా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమే. మున్సిపల్ పార్కు అయినా చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ఉంది. అనుమతి ఉత్తరంలో మూడు మాటలు స్పష్టంగా ఉండాలి: ఏ ముక్కలో, ఏ పని, ఎంతకాలం. "సార్ ఫోన్లో చేసుకోమన్నారు" అన్నది అనుమతి కాదు. సార్ బదిలీ అయిన మర్నాడు మీ మీదే కేసు పడొచ్చు.

పని పంచుకోవడం ఇలా: కాగితాలు చూసేవాళ్ళు ఇద్దరు, మొక్కలు చూసేవాళ్ళు ఇద్దరు, ఫిర్యాదులు, ఫొటోలు చూసేవాళ్ళు ఇద్దరు. ప్రతి పనికీ ఇద్దరు ఎందుకంటే ఒకరికి ఉద్యోగం మారుతుంది, ఇంకొకరి ఇంట్లో పెళ్ళి ఉంటుంది.

4. దెబ్బలు ఆపండి

నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇదే. ఫొటోకు అందంగా కనబడదు కాబట్టి చాలామంది దాటేస్తారు.

*4.1 మట్టి, శిథిలాలు పోసే టిప్పర్లు*

ఇల్లు కూలగొట్టిన మట్టి రాత్రిపూట వస్తుంది. దీనికి గోడకన్నా కందకం మేలు. బండి దిగే చోట హద్దు పొడుగునా మీటరున్నర వెడల్పు, మీటరు లోతు కందకం తీయించండి. తీసిన మట్టిని లోపలి గట్టుగా వేయండి. గట్టు మీద కిత్తనార, వావిలి కొమ్మలు పెట్టండి. మనిషి నడిచేంత సందు వదిలి అటూ ఇటూ రెండు గుండ్లు దొర్లించండి. కాంపౌండు గోడ కడితే కుందేలు, ముంగిస, ఉడుము రాకపోకలు ఆగిపోతాయి. పైగా గోడ చాటున ఏం జరుగుతుందో రోడ్డు మీదివాళ్ళకు కనబడదు.

ఫిర్యాదు చేసేటప్పుడు బండి నంబరు, తేదీ, సమయం, లొకేషన్ కనిపించే ఫొటో ఉండాలి. ఒకే ఫిర్యాదును మున్సిపాలిటీకి, భూమి ఉన్న శాఖకు, పోలీసులకు ఒకేసారి పంపండి. హైదరాబాద్ పరిధిలో హైడ్రాకూ (చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు చూసే సంస్థ) పంపండి. రాత్రి బండికి అడ్డంగా నిలబడటం, డ్రైవరుతో వాదన పెట్టుకోవడం వద్దు. దూరం నుంచి ఫొటో తీసి వచ్చేయండి.

*4.2 మంట*

మన దగ్గర ఫిబ్రవరి నుంచి మే దాకా భయం. సంక్రాంతి వెళ్ళగానే రోడ్డు వైపు, కాలిబాటల పక్కన మూడు మీటర్ల వెడల్పున ఎండుగడ్డి కోసేయండి. కోయాలి, కాల్చకూడదు. కోసిన గడ్డిని తర్వాత మొక్కల పాదుల్లో కప్పుకోవచ్చు.

మోకాలి కిందికి ఉన్న మంటను గాలి వీపు వైపు నుంచి వస్తుండగా పచ్చి వేపకొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు. అంతకన్నా లేస్తే వెనక్కి వచ్చి 101కి ఫోన్ చేయండి. కాటన్ బట్టలు, బూట్లు తప్పనిసరి.

ఆకులూ చెత్తా తగలబెట్టేవాళ్ళకు ఒక కాగితం చూపించండి: 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, భారీ ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. గేటు దగ్గర బోర్డు మీద ఇది రాయించండి.

*4.3 కుక్కలు, తిండి, మాంజా*

పార్కు అంచున కుక్కలకు అన్నం పెట్టేవాళ్ళుంటే ఆ చోటును కాలనీ లోపలికి మార్పించండి. వాళ్ళను తిట్టకండి. స్టెరిలైజేషన్ బండి వచ్చినప్పుడు కుక్కల్ని పట్టుకోవడానికి సాయపడగలిగేది వాళ్ళే. నేల మీద గూడు పెట్టే పిట్టలకూ నెమలి పిల్లలకూ గుంపు కుక్కలంత ప్రమాదం ఇంకోటి లేదు. కోతులకు అరటిపళ్ళు, పావురాలకు జొన్నలు కూడా వద్దు.

సంక్రాంతి మరుసటి ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని కొమ్మల్లోని మాంజా తీయించండి. నిషేధం ఉన్నా నైలాన్ దారం వస్తూనే ఉంది. గబ్బిలాలు, గుడ్లగూబలు చిక్కుకునేది దానిలోనే. పెద్దవాళ్ళు కర్రకు కొక్కెం కట్టి లాగాలి, పిల్లలు కింద దారం చుట్టాలి.

*4.4 మురుగు*

డ్రైనేజీ పైపు పార్కులోకి వదిలి ఉంటే, ఆ పైపు ఏ వీధి నుంచి వస్తుందో వెనక్కి నడిచి కనుక్కోండి. మొక్కలు పెట్టి మురుగును శుద్ధి చేద్దామనే ఆలోచన ఆ తర్వాత. పైపు మళ్ళించకుండా ఏం చేసినా దోమలే మిగులుతాయి.

5. పిచ్చిమొక్కలు తీయడం

ఒకేసారి మొత్తం ఊడ్చేయకండి. పాడైన అడవిలో కుందేలుకూ కౌజుకూ ఉన్న ఒక్క చాటు లాంటానా పొదే కావచ్చు. గళ్ళుగళ్ళుగా విడదీసి, ఏడాదికి మూడో వంతు తీయండి. తీసిన చోట స్థానిక పొద లేచాకే పక్క గడికి వెళ్ళండి.

*లాంటానా (పులికంప).* పైన కత్తిరిస్తే రెట్టింపు పిలకలు. జేసీబీతో పెకిలిస్తే మట్టి కదిలి గింజలన్నీ మొలుస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి మనకూ పనికొస్తుంది. ఇలా చేయండి:

1. వానపడి నేల మెత్తబడ్డాక, కాయలు పండకముందు మొదలుపెట్టండి.
2. పొద మొదలు చుట్టూ కొమ్మలు పక్కకు జరిపి, కాండం భూమిలోకి దిగే చోటు చూడండి.
3. మట్టి మట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల లోపల తల్లివేరును పలుగుతో ఒక్క దెబ్బకు నరకండి.
4. పొదను ఎత్తి తలకిందులుగా పెట్టండి. వేరు ఆకాశం వైపు ఉండాలి. మట్టి తగిలితే మళ్ళీ నాటుకుంటుంది.
5. ఎండాక గుట్టగా వేయండి. కాల్చకండి.
6. తర్వాతి రెండు మూడు వానాకాలాలు పెద్ద చెట్ల కింద ప్రత్యేకంగా వెతకండి. పిట్టలు పండు తిని కొమ్మ మీద కూర్చుని రెట్ట వేస్తాయి, మొలకలు అక్కడే గుంపుగా వస్తాయి. జానెడు ఎత్తులో ఉండగా చేత్తో పీకేయవచ్చు.

*సర్కారు తుమ్మ.* నేల మట్టానికి నరికితే గుబురై లేస్తుంది. మొగ్గలు మట్టి లోపల కాండం అడుగున ఉంటాయి. చుట్టూ తవ్వి జానెడు లోతు నుంచి మొద్దుతో సహా తీయాలి. పెద్దవాటిని వదిలి చిన్నవాటితో మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కూలీలు సర్కారు తుమ్మ అనుకుని జమ్మిని కొట్టేస్తారు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరాకు పూజ చేసే చెట్టు. దగ్గరగా వెళ్ళి ముల్లు చూడండి. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర జంటగా పొడవాటి ముళ్ళుంటాయి. జమ్మికి పొట్టి ముళ్ళు, కణుపుల మధ్య ఇటొకటి అటొకటి ఉంటాయి. ఆకు సన్నగా, బూడిద పచ్చగా, కొమ్మ కొద్దిగా వాలి ఉంటుంది. పని మొదలయ్యే ముందు రోజే జమ్మి, తెల్లతుమ్మ, సండ్ర, రేగు చెట్లకు తెల్ల సున్నం పట్టీ వేసేయండి.

*వయ్యారిభామ.* పూత రాకముందు, వాన పడిన మర్నాడు వేరుతో సహా పీకాలి. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు. ఆస్తమా, చర్మ ఎలర్జీ ఉన్నవాళ్ళను ఈ పనికి పిలవొద్దు. ఆకుల మీద గీతల పెంకుపురుగులు గుంపుగా తింటూ కనబడితే చంపకండి. అవి ఈ మొక్కను తినడానికే మెక్సికో నుంచి తెప్పించిన జాతి.

గడ్డిమందు కొట్టేద్దామా అని అడుగుతారు. వద్దు. మీరు రంగుగుడ్డ కట్టిన మోళ్ళు కూడా పోతాయి.

పనికి దిగేముందు:

☐ మోకాలి దాకా గంబూట్లు, మందపాటి గ్లౌజులు
☐ పొదలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టడం
☐ తాగునీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు
☐ పాము విషానికి మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు అందరికీ తెలిసి ఉండటం
☐ పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం చేయకూడదని అందరికీ చెప్పడం. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్

6. వాన నీటిని నిలపండి

వాలు ఉన్న చోట పైనుంచి కిందికి పని చేయండి. వాలుకు అడ్డంగా మూడు మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు కందకాలు. కింది వరుసలోవి పై వరుస సందులకు ఎదురుగా రావాలి. సమమట్టం చూడటానికి ఏ-ఫ్రేము (ఇంగ్లీషు A ఆకారపు చట్రం) చాలు. మూడు కర్రలు, దారం, రాయి. వాటర్‌షెడ్ పనుల్లో చేసిన కూలీలకు ఇది బాగా తెలుసు.

పెద్ద వేళ్ళు తగిలే చోట, బండరాయి పైకి తేలిన చోట తవ్వొద్దు. చిన్న వాగుల్లో సిమెంటు లేకుండా రాళ్ళు పేర్చిన కట్టలు వేయండి. మధ్యభాగం పక్కలకన్నా పల్లంగా ఉండాలి. లేకపోతే నీరు పక్కన కోసుకుని పోతుంది.

తాగునీటి గుంతలు పళ్ళెం ఆకారంలో, అంచు వాలుగా ఉండాలి. నిట్టనిలువు గోడల తొట్టెలో ఉడతలు, తొండలు పడి చనిపోతాయి. అలాంటిది ఇప్పటికే ఉంటే లోపల రాళ్ళు మెట్లుగా పేర్చండి. పాడుబడ్డ బావి ఉంటే ముందు దాని చుట్టూ గోడ కట్టించండి.

7. ఇప్పుడు నాటడం

*7.1 ముందు మోళ్ళ సంగతి*

రంగుగుడ్డ కట్టిన మోళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఒక్కో మోడుకు అయిదారు పిలకలుంటాయి. తొలకరికి ముందు నిటారుగా, బలంగా ఉన్న ఒకటి రెండు ఉంచి మిగతావి పదునైన కత్తితో కోయండి. చుట్టూ ముళ్ళకంప పెట్టండి. అంతే. నీళ్ళు అక్కర్లేదు. రెండు వానలు గడిచేసరికి నాటిన మొక్కలకన్నా ఇవే ముందుంటాయి.

*7.2 ఏవి నాటాలి*

గురుగ్రామ్‌లోని ఆరావళి బయోడైవర్సిటీ పార్కు గురించి చదవండి. ఒకప్పటి గనుల తవ్వకం చోటు అది. 2010 నుంచి ఐయామ్‌గుర్గావ్ అనే పౌరుల బృందం అక్కడ అడవిని తిరిగి తెచ్చింది. రక్షిత ప్రాంతాల జాబితాలో లేకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడే స్థలంగా 2022లో దేశంలోనే మొదటి గుర్తింపు దానికే వచ్చింది. వాళ్ళు కనబడ్డ మొక్కల్లా నాటలేదు. ఆరావళి కొండల్లో సహజంగా పెరిగే చెట్ల విత్తనాలు ఏరుకొచ్చి సొంత నర్సరీ పెట్టుకున్నారు. ఎందుకంటే అలాంటి మొక్కలు బజారు నర్సరీల్లో దొరకవు. వాళ్ళు పెంచిన వాటిలో మన మోదుగ, తపసి కూడా ఉన్నాయి.

మన నేలకు ఇలా పంచుకోవచ్చు:

- గుండ్ల మధ్య, పలచటి మట్టిలో: తపసి, బిల్లుడు, పాలకొడిసె, రాతి పగుళ్ళ దగ్గర రావి
- వాలు మీద: మోదుగ, సండ్ర, దిరిసెన, రేల, తునికి
- నీరు నిలిచే పల్లంలో: నేరేడు, కానుగ, నల్లతుమ్మ
- అంచుల్లో పొదలుగా: తంగేడు, రేగు, వాక, వావిలి, ఊడుగ

పొదల వరసను తక్కువ చేయకండి. అందరూ చెట్లే అడుగుతారు గానీ, పిట్టలకు తిండీ గూడూ ఎక్కువగా దొరికేది పొదల్లోనే.

కోనోకార్పస్, సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి.

*7.3 విత్తనాలు*

వేప, నేరేడు గింజలు నిలవ ఉండవు. రాలిన వారంలోపే కవర్లలో వేయండి. కానుగ గింజ నేరుగా వేయవచ్చు. రేల, దిరిసెన, తంగేడు గింజల తోలు గట్టిది. మరిగించి దించిన నీటిలో వేసి రాత్రంతా ఆ నీళ్ళలోనే ఉంచి పొద్దున విత్తండి. ఒకే చెట్టు గింజలన్నీ తేకుండా దూరదూరంగా ఉన్న చెట్ల నుంచి కొద్దికొద్దిగా ఏరండి. సగానికిపైగా గింజలు చెట్టు కిందే వదిలేయండి.

విత్తన బంతులు పిల్లలకు సరదా. కాని గట్టి నేల మీద విసిరితే ఎండి పిట్టల పాలవుతాయి. ముళ్ళపొద నీడలో గుంటచేసి పెడితే కొన్ని బతుకుతాయి.

*7.4 గుంత, మొక్క*

1. వేసవిలోనే ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు గుంతలు తీసి ఎండనివ్వండి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క.
2. మృగశిర వానకు తొందరపడొద్దు. ఒక వాన పడి పదిహేను రోజులు ఎండగొట్టడం మామూలే. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో నేల జానెడు లోతు తడిసిందని చూసి నాటండి.
3. కనీసం ఏడాది వయసున్న, మోకాలెత్తు మొక్క. కవరు అడుగున వేరు చుట్టుకుపోయి ఉంటే కొస కత్తిరించండి.
4. కవరు పూర్తిగా తీసి సంచిలో వేసుకోండి. చివర్లో లెక్కపెట్టండి. ఎన్ని మొక్కలో అన్ని కవర్లు వెనక్కి రావాలి.
5. పైమట్టి ముందు వేసి, కాలితో గట్టిగా అదిమి, చుట్టూ పళ్ళెంలా పాదు చేసి ఎండుగడ్డి కప్పండి. గడ్డి కాండానికి తగలకూడదు.
6. వరసలు, గళ్ళు వద్దు. మూడు నాలుగు కలిపి గుంపులుగా, పొదల పక్కన.

వీఐపీ వచ్చి నాటే రోజు ఉంటే ఉండనివ్వండి. గుంతలు, తట్టలు ముందే సిద్ధం చేసి, ఆయన వెళ్ళాక ప్రతి మొక్కా మళ్ళీ అదిమి చూడండి.

8. మూడు వేసవులు

మొదటి వేసవిలో పది రోజులకోసారి మొక్కకు ఒక బిందె నీళ్ళు, సాయంత్రం పూట. రెండో వేసవిలో నెలకు రెండుసార్లు. మూడో వేసవిలో మరీ వాడినవాటికే. అలా తగ్గించకపోతే వేరు కిందికి దిగదు. నీళ్ళు మోసే శక్తి ఎంతుందో చూసి మొక్కల సంఖ్య నిర్ణయించుకోండి. నూరు మొక్కలకు నీళ్ళు పోయగలిగిన బృందం అయిదు వందలు నాటితే ఆ నూరు కూడా దక్కవు.

లెక్క ఏడాదికి మూడుసార్లు: దసరా తర్వాత, ఫిబ్రవరిలో, మళ్ళీ తొలకరికి. జాతి పేరు, బతికిందా లేదా, పోతే దేనివల్ల. ఏ జాతి ఏ చోట నిలిచిందో రెండేళ్ళలో తెలిసిపోతుంది. పోయిన చోట అదే మొక్క మళ్ళీ పెట్టకండి.

పెద్ద గుండు మీద రంగు చుక్క పెట్టి, అక్కడే నిలబడి, నెలకో ఫొటో ఒకే దిక్కుకు తీయండి. పిట్టల లెక్కలు ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) పెట్టండి. రేపు ఎవరైనా "అక్కడేముంది, ఖాళీ స్థలమే కదా" అంటే చూపించడానికి ఇవే ఉంటాయి. మున్సిపాలిటీ జీవవైవిధ్య నిర్వహణ కమిటీని కలిసి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో మీ జాబితా ఎక్కించమని అడగండి.

9. "అభివృద్ధి" నిధులు వచ్చినప్పుడు

చోటు కాస్త పచ్చబడగానే టైల్స్ ట్రాక్, ఓపెన్ జిమ్, ఫౌంటెన్, రాత్రి లైట్లు, లాన్ అంటూ ప్రతిపాదన వస్తుంది. చెత్త బండికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, పైగా చప్పట్ల మధ్య జరుగుతుంది. వద్దని మాత్రమే అంటే వినరు. బదులు ఏం చేయాలో మీరే రాసి ఇవ్వండి:

☐ మీటరున్నర వెడల్పు మట్టిబాట, అంచుల వెంటే, మధ్యలోంచి కాదు
☐ వ్యాయామ పరికరాలు, కుర్చీలు గేటు దగ్గర మాత్రమే
☐ సాయంత్రం చీకటిపడ్డాక మూసివేత, లోపల లైట్లు లేవు
☐ రాలిన ఆకు ఊడ్చొద్దు, ఎండు చెట్టు బాట మీద పడే ప్రమాదం లేకపోతే కొట్టొద్దు
☐ ఆ డబ్బుతో హద్దు రాళ్ళు, కందకాలు, ఇద్దరు కాపలాదారుల జీతం

గుర్తింపు వస్తే గండం గడిచిందనుకోవద్దు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది. ఆక్రమణల గొడవ, మురుగు బెడద ఆ తర్వాతా ఉన్నాయి. హైదరాబాద్‌లోని కేబీఆర్ జాతీయ ఉద్యానం చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని (ఆంక్షలుండే రక్షణ పట్టీని) 2020లో చోటును బట్టి 3 నుంచి 29.8 మీటర్ల వెడల్పుకే పరిమితం చేశారు. అలాంటి మండలం ముసాయిదా గెజిట్‌లో వచ్చాక 60 రోజుల్లోపు అభ్యంతరాలు రాయొచ్చు. మీ చోటు గురించి వచ్చే గెజిట్, మాస్టర్ ప్లాన్ ప్రకటనలను చదివే బాధ్యత ఒకరికి అప్పగించండి.

10. తరచూ వచ్చే ఇబ్బందులు

*నాటినవి అక్టోబరులో బాగున్నాయి, ఏప్రిల్‌కి ఎండిపోయాయి.* గుంత చిన్నది, లేదా అడుగున రాయి. గునపంతో పొడిచి చూడండి. రాయి తగిలితే ఆ చోట చెట్టు వద్దు, తంగేడు పెట్టండి.

*చెదలు పడుతున్నాయి.* పాదులో పచ్చి పేడ వేసి ఉంటారు. బాగా మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేయండి.

*వాలంటీర్లు రెండు నెలలకే తగ్గిపోయారు.* ప్రతి ఆదివారం పిలవకండి. నెలకు ఒక ఆదివారం, రెండు గంటలు, ముందే చెప్పిన ఒకే పని. ఎనిమిదిన్నరకు ముగించి టీ, ఇడ్లీ.

*సంఘంలో రాజకీయాలు మొదలయ్యాయి.* బోర్డు మీద మనుషుల పేర్లు వేయకండి, పార్కు పేరు చాలు. డబ్బు లెక్క నెలనెలా గ్రూపులో పెట్టండి.

*ఫిర్యాదులకు స్పందన లేదు.* ఇన్‌వర్డ్ నంబర్లతో మొదట తెలంగాణలో కలెక్టరేట్ ప్రజావాణిలో, ఆంధ్రలో అయితే సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఆ తర్వాత చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం ఉంది. నష్టం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్ళాలి. అందుకే మొదటి టిప్పరు దిగిన రోజు తేదీ ఫైల్లో ఉండాలి.

*పక్క ప్లాటు ఓనరు ఫెన్సింగ్ లోపలికి జరిపాడు.* మీరు పీకకండి. ఒకటో మెట్టులో తీసుకున్న స్కెచ్, పాత ఉపగ్రహ చిత్రం జతచేసి సర్వేకు దరఖాస్తు పెట్టండి. సర్వేయర్ వచ్చే రోజు కనీసం ఇద్దరు అక్కడ ఉండి, రాయి పాతిన ప్రతిచోటా ఫొటో తీసుకోండి.